‘బానెట్’ అను మాట: అర్థములు, వాడుక

ఒక్క ఇంగ్లీషు మాటను గూర్చి మీతో ముచ్చటింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. అది చిన్న మాట, ఆఱే అక్షరములు. కాని దానివలన నేనొక పాఠము నేర్చుకొంటిని. కథ వినుడు.

తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు అనువాద పరీక్షలో ఒక ఇంగ్లీషు వాక్యమును తెనిగించెను. ‘కారు త్రోవలో నిలిచిపోయినది, డ్రైవరు దిగి బానెట్టు ఎత్తి చూచెను’ అనునది మూలములోని భావము. ఆ బాలుడు ‘డ్రైవరు దిగి టోపీ ఎత్తి చూచెను’ అని వ్రాసెను. ఆ వాక్యమును నేను తరగతిలో బిగ్గరగా చదివితిని. పిల్లలందఱును నవ్విరి. నేనును నవ్వితిని. ఎఱ్ఱసిరాతో అడ్డముగా గీత గీచి కాగితము తిరిగి యిచ్చితిని. ఆ బాలుడు తల వంచుకొని కూర్చుండెను. ఆ నెలలో మఱల అతడు తరగతిలో నోరు తెఱవలేదు.

కొన్ని దినముల పిమ్మట ఒక మరమ్మతు షెడ్డు ప్రక్కగా నడచిపోవుచుంటిని. ఆ బాలుడే ఒక వ్యాను బానెట్టును ఎత్తి పట్టుకొని, రెండవ చేతితో తండ్రికి పానా అందించుచుండెను. ‘ఏమిరా, దీని పేరేమి?’ అని అడిగితిని. ‘బానెట్టు మాస్టారూ’ అనెను. ‘మఱి పరీక్షలో టోపీ అని వ్రాసితివేమి?’ అంటిని. అతడు చెప్పిన మాట నేటికిని నా చెవులలో నున్నది. ‘అది పుస్తకంలో మాట గదా మాస్టారూ. డిక్షనరీలో చూశాను. టోపీ అనే ఉంది. ఇది మా షెడ్డులో మాట.’

ఆ మాటను తరగతిలో అందఱికంటెను బాగుగ నెఱిగినవాడు ఆ బాలుడే. మేము చదివి నేర్చినదానిని అతడు చేతితో పట్టుకొని నేర్చినాడు. అయినను షెడ్డులోని మాటయు పుస్తకములోని మాటయు ఒక్కటే యని అతనితో చెప్పినవారు లేరు. అతడు నిఘంటువును చూచుట తప్పు కాదు. అడుగక నవ్వుట నా తప్పు. ఆ అప్పు తీర్చుకొనుటకై బానెట్ అను మాట ఎక్కడ పుట్టి, ఎన్ని తలల కెక్కి, ఎట్లు షెడ్డునకు చేరినదో ఇక్కడ చెప్పెదను.

మాట పుట్టుక

బానెట్ మొదట ఇంగ్లీషు మాట కాదు, ఫ్రెంచి మాట. మొదట టోపీ పేరును కాదు, గుడ్డ పేరు. ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘బొనెత్’ అనునది తలపై ధరించు వస్తువులు కుట్టుటకు వాడెడి ఒక తరహా వస్త్రము. ‘బొనెత్ గుడ్డతో చేసిన టోపీ’ అని మొదట నిండుగా చెప్పెడివారు. పలుకగా పలుకగా పొడుగు మాట కుఱుచయై, గుడ్డ పేరే టోపీ పేరయ్యెను. 14వ శతాబ్దము చివరి భాగమున అది ఇంగ్లీషులో ప్రవేశించెను.

గుడ్డ పేరు వస్తువునకు వచ్చుట వింత కాదు. ఊరి పేరు గుడ్డకు వచ్చుటయు వింత కాదు. కోళిక్కోడు నుండి పోయిన నూలుబట్టను ఇంగ్లీషువారు ‘కాలికో’ అనిరి. మన గోదావరి సీమలోనే, నరసాపురము చెంత మాధవాయిపాలెమను ఊరు కలదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకశాల నడపెను. ఆ ఊరి పేరు దొరల నోట ‘మడపోలం’ అయి, ఒక రకపు తెల్లని నూలుబట్టకు పేరుగా నిలిచినది. ఇంగ్లీషు నిఘంటువులలోను, ఫ్రెంచి నిఘంటువులలోను ఆ మాట నేటికిని కలదు. కాబట్టి మనము వారి మాటలను తెచ్చుకొన్నట్లే వారును మన మాటలను తీసికొనిపోయినారు. నిఘంటువులో మన ఊరును చూచినవాడు ఆ నిఘంటువునకు జంకడు.

ఒకే అక్షరములు, రెండు వాడుకలు

యానాము విద్యార్థికి ఈ మాట విషయమున ఇతరులకు లేని చిక్కొకటి కలదు. మన ఊరు 18వ శతాబ్దము మొదలు 1954 వఱకు, నడుమ ఇంగ్లీషువారు ఆక్రమించిన కాలములు తప్ప, ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియయ్యెను. అందుచే తాతలనాటి చదువు ఫ్రెంచి, మనుమలనాటి చదువు ఇంగ్లీషు అయినది. ఇంటిలో పాత ఫ్రెంచి పుస్తకమున్న విద్యార్థి రెంటిలోను బి, ఓ, రెండు ఎన్నులు, ఇ, టి అను అక్షరములనే చూచును. ఒకే మాట యనుకొనును. అది పూర్తిగా నిజము కాదు.

మొదటి భేదము ఉచ్చారణ. ఇంగ్లీషులో చివరి ‘ట’కారము వినబడును: బానెట్. ఫ్రెంచిలో అది వినబడదు: బొనే.

రెండవ భేదము ఆకారము. ఫ్రెంచివాని బొనే అనగా అంచు లేక, తలకు అంటుకొని యుండు మెత్తని టోపీ. చలికాలపు ఉన్ని టోపీ బొనే. రాత్రి నిద్రకు పెట్టుకొనునది బొనే. ఈతకొలనులో తల తడవకుండ పెట్టుకొనునదియు బొనేయే. చుట్టును అంచున్నచో అది ‘షపో’. కన్నులకు నీడనిచ్చు ముందు రేకున్నచో ‘కాస్కెత్’.

ఇంగ్లీషువాడు ఇట్లు విభజింపడు. చుట్టును అంచున్నది ‘హ్యాట్’. అంచు లేనిదియు, ముందు మాత్రము రేకున్నదియు ‘క్యాప్’. తలకు వెనుకనుండి పైదాక కప్పుచు, ముఖమును విడిచి, గడ్డము క్రింద నాడాలతో ముడివేయునది ‘బానెట్’. 19వ శతాబ్దమున ఇంగ్లండు స్త్రీలు బయటికి పోవునపుడు దీనిని ధరించుట పరిపాటి. ఇప్పుడది శిశువుల తలపైననే ఎక్కువగ కనబడును. మన అమ్మమ్మలు పసిబిడ్డకు చెవులు మూయునట్లు కట్టెడి కుల్లాయే అది. అందుచే ఫ్రెంచిలో ఈతగాని టోపీని బొనే అనవచ్చును గాని, ఇంగ్లీషులో ఈతగాడు బానెట్టు పెట్టుకొనెనన్నచో వినువాడు పసిపిల్ల కుల్లాను తలచుకొని నవ్వును.

మఱియొక మెలిక కలదు. స్కాట్లండులో బానెట్ స్త్రీల టోపీ కాదు. పురుషుల మెత్తని ఉన్ని టోపీ. ఇంగ్లండులో పురుషుల టోపీకి ఆ పేరు పోయినను, స్కాట్లండులో నిలిచియున్నది. కథలో స్కాట్లండు సైనికుడు బానెట్టు ధరించెనని చదివినపుడు నాడాలను ఊహింపరాదు. ఎవరు, ఏ దేశమున, ఏ కాలమున అని చూడక అర్థము చెప్పుట కుదరదు.

తలనుండి యంత్రమునకు

టోపీ చేయు పని యేమి? పైన కూర్చుండి క్రిందిదానిని కాపాడును, కావలసినపుడు తీయవచ్చును. ఈ రెండు గుణములు ఎక్కడ కనబడిన అక్కడికి బానెట్ అను పేరు నడచిపోయినది.

మొదట అది ఓడ యెక్కెను. తెరచాప ఓడలలో గాలి తక్కువగా నున్నపుడు తెరచాప అడుగు అంచునకు అదనపు గుడ్డ నొకదానిని త్రాళ్లతో జోడించెడివారు. గాలి హెచ్చినపుడు విప్పివేసెడివారు. ఆ గుడ్డ పేరు బానెట్. ఇది తలపైకాక కాలి దగ్గఱ కట్టునది యైనను, జోడించుట, తీయుట అను గుణముచేత ఆ పేరు పొందినది. మన పొరుగుననున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టుటకును, మరమ్మతు చేయుటకును పేరొందిన రేవు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపానుతో అది దెబ్బతినెను. ఆ రేవునకు వచ్చి నిలిచిన దొరల ఓడలవారు ఈ మాటను ఎఱిగియుండవచ్చును.

తరువాత అది యంత్రముల కెక్కెను. కవాటము, అనగా వాల్వు, పైభాగమున మఱలతో బిగించెడి మూతను బానెట్ అందురు. నీటి గొట్టముల వాల్వు విప్పి చూచినవారికి అది తెలియును. పొగగొట్టము పైకప్పునకును ఆ పేరే. మోటారుకారు వచ్చినపుడు ఇంజనుపై మూతకు క్రొత్త పేరు వెదకవలసిన పని లేకపోయెను. ఇంజను కారునకు తల వంటిది. దానిపై మూత బానెట్టు. ఆ బాలుడు వ్రాసిన ‘టోపీ’ అను మాట తప్పే కాని, పూర్తిగా త్రోవ తప్పినది మాత్రము కాదు. ఆ వాక్యములోని డ్రైవరు ఎత్తినది కారు టోపీనే!

ఇక్కడ ఒక వినోదము చూడుడు. కారు మూతను ఇంగ్లండువాడు బానెట్ అనును. అమెరికావాడు ‘హుడ్’ అనును. హుడ్ అనగా అంగీకి వెనుక అంటియుండి తలపైకి లాగుకొనెడి ముసుగు. వానలో మన గొల్లవారు గొంగళిని మడిచి వేసికొను కొప్పెర వంటిది. ఫ్రెంచివాడు మాత్రము తన బొనేను ఇక్కడ వాడడు. కారు మూతను ‘కాపో’ అనును. అది ‘కాప్’ అను పైవస్త్రపు పేరునుండి వచ్చినది. మూడు దేశములవారు మూడు వేఱు మాటలు చెప్పినను, ముగ్గురును మనిషి మీది బట్టనే ఇంజనుకు కప్పినారు. ఇంగ్లండులో కారు ‘హుడ్’ అన్నచో మడిచి వెనుకకు త్రోయదగిన పైకప్పు. ఒకే కారు, ఒకే మాట, రెండు దేశములలో రెండు చోట్లు. మరమ్మతు పుస్తకమును చదువువాడు అది ఏ దేశమున అచ్చయినదో ముందుగా చూడవలెను.

కోతియు, మిరపకాయయు

దక్షిణ భారతమున మనము చూచెడి కోతిజాతి నొకదానిని ఇంగ్లీషున ‘బానెట్ మెకాక్’ అందురు. దాని నడినెత్తినుండి వెండ్రుకలు కిరణములవలె నలువైపుల పరచుకొని చిన్న టోపీ పెట్టినట్లుండును. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన ‘మెకాకా రేడియాటా’ అను పేరులోని రెండవ మాటయు ఆ కిరణములనే సూచించును.

కరీబియను దీవులలో మిక్కిలి కారమైన మిరపకాయ నొకదానిని ‘స్కాచ్ బానెట్’ అందురు. అది నొక్కినట్లు చప్పిడిగా నుండి స్కాట్లండువారి టోపీని పోలుటయే కారణము. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రము 1901లో తన పుష్పముగా ఎన్నుకొన్న నీలిపువ్వు ‘బ్లూ బానెట్’. ఫ్రెంచివారు ఆవు పొట్టలోని నాలుగు అరలలో రెండవదానిని బొనే అందురు. దాని లోపలి గోడ తేనెపట్టువలె గదులు గదులుగా నుండును. ఈ తుదిదానిని కోతికి, మిరపకాయకు వలె ‘టోపీ’ అని తెనిగించినచో పశువైద్యుడు నిర్ఘాంతపోవును.

టోపీ చరిత్ర కెక్కుట

ఫ్రాన్సు దేశమున బొనే రాజ్యములనే కదల్చినది. ఫ్రెంచి విప్లవకాలమున ఎఱ్ఱని బొనే స్వాతంత్ర్యమునకు గుర్తు. పూర్వము రోమునగరమున విముక్తి పొందిన బానిసలు ఒక విధమైన టోపీ ధరించెడివారు. దానిని, ఆసియామైనరులోని ఫ్రిజియా దేశపు మెత్తని కొస వంగిన టోపీని కలగలిపి, విప్లవకారులు తమ గుర్తుగా చేసికొనిరి. 1792 జూన్ 20న జనసమూహము పారిసునందలి రాజభవనమున చొరబడినపుడు 16వ లూయీ రాజు ఆ ఎఱ్ఱ టోపీని తలపై పెట్టుకొనవలసి వచ్చెను. కిరీటము పెట్టుకొనిన తలపై బానిసల టోపీ! మరుసటి సంవత్సరము జనవరిలో ఆ తలయే పోయెను. ఫ్రెంచి గణతంత్రమునకు ప్రతీకయైన ‘మరియాన్’ అను స్త్రీమూర్తి తలపై నేటికిని ఆ టోపీయే యుండును.

అంతకు ముందు 1675లో ఫ్రాన్సునందలి బ్రిటనీ ప్రాంతపు రైతులు ముద్రకాగితముల పన్నుపై తిరుగబడిరి. వారిని ‘ఎఱ్ఱ బొనేలు’ అనిరి. 2013లో అదే బ్రిటనీలో లారీలపై వేయదలచిన పన్నును ఎదిరించినవారు అవే టోపీలు పెట్టుకొని వీథులలోనికి వచ్చిరి. మూడువందల ఏండ్లకు పైబడిన వెనుకటి మాట మఱల తల కెక్కినది.

పచ్చని బొనే కథ వేఱు. పాత ఫ్రాన్సులో దివాలా తీసినవాడు ఆస్తిని అప్పులవారికి ఒప్పగించి, చెఱసాల తప్పించుకొనుటకు పచ్చ టోపీ పెట్టుకొని తిరుగవలసియుండెను. మన దేశమున అప్పు ఎగవేసినవాడు ఇతరులకు టోపీ పెట్టెనందుము. అక్కడ తానే పెట్టుకొనెను!

మఱియొకటి కలదు. దానిని చెప్పుట నాకు కష్టముగ నున్నను చెప్పవలెను. పూర్వము ఫ్రెంచి బడులలో పాఠము రాని పిల్లవానికి గాడిదచెవుల కాగితపు టోపీ పెట్టి మూల నిలబెట్టెడివారు. దాని పేరు ‘గాడిద బొనే’. అది నేడు బడులలో లేదు, ఉండరాదు. కాని కాగితము లేకుండగనే ఆ టోపీని పెట్టవచ్చును. తరగతిలో ఒక నవ్వు చాలును. ఆనాడు ఆ బాలుని తలపై నేను పెట్టినది అదియే.

పలుకుబడులు

మాటల అర్థము తెలిసినను పలుకుబడి తెలియనిదే భాష వశము కాదు. ముక్కకు ముక్క తెనిగించినచో నవ్వులపాలగుదుము. అందుకు సరిపడు తెలుగు పలుకుబడిని వెదకవలెను.

ఇంగ్లీషువాడు ఒకని బానెట్టులో తేనెటీగ యున్నదనును. ఒకే తలపు మనసును విడువక వేధించుచున్నదని దాని భావము. మనము ‘బుఱ్ఱలో పురుగు తొలుచుచున్నది’ అందుము. వారి తేనెటీగకు మన పురుగు సరి. ఒకడు ఘనకార్యము చేసినచో వారు ‘క్యాపులో ఈక’ అందురు. మనము ‘కలికితురాయి’ అందుము. తురాయి యనునదియు తలపాగాలో చెక్కుకొను కుచ్చే కదా!

ఫ్రెంచివాడు పలుకుబడి కలవారిని, పెద్ద హోదా కలవారిని ‘గ్రో బొనే’ అనును, అనగా లావు టోపీ. మనము ‘పెద్ద తలకాయ’ అందుము. అతడు టోపీని చూచెను, మనము తలను చూచితిమి. ఇద్దఱిలో ఎవడును మేలు కానపుడు అతడు ‘బొనే బ్లాం, బ్లాం బొనే’ అనును. తెల్ల టోపీ యన్నను టోపీ తెలుపన్నను ఒక్కటే యని. మనము ‘దొందూ దొందే’ అని ముగింతుము. తొందరగా కోపము వచ్చువానిని ‘బొనేకు దగ్గఱగా తల యున్నవాడు’ అనును. మనవారికి కోపము తలలో గాక ముక్కు మీదనే యుండును. ఇతరులు చెప్పినదానికెల్ల ఔననుటను ‘బొనేతో అభిప్రాయము చెప్పుట’ యందురు. పూర్వము పండితసభలలో మాటాడక టోపీ ఎత్తి సమ్మతి తెలుపు ఆచారమునుండి అది పుట్టినది. మనకు అది గంగిరెద్దు తలయూపుట.

చూచితిరా! ప్రతి పలుకుబడికిని తెలుగులో జోడీ దొరకినది. దొరకుట ఆ పలుకుబడుల గొప్పతనము కాదు. వెదకువానికి తెలుగు బాగుగ వచ్చియుండుట ముఖ్యము. తెలుగు రానివాడు ‘టోపీలో తేనెటీగ’ దగ్గఱనే ఆగిపోవును.

మన తలలు, మన మాటలు

ఇక మన ఇంటివైపు చూతము. తలగుడ్డ, తలపాగా, రుమాలు, ముసుగు, కొప్పెర, కుల్లా, టోపీ, శిరస్త్రాణము, కిరీటము: మనకును మాటలకు కొదువ లేదు. ఎండలో పడవ నడపువాడు చుట్టునది తలగుడ్డ. పెండ్లిపెద్ద చుట్టునది తలపాగా. బట్ట ఒకటే కావచ్చును. చుట్టిన తీరు, సమయము, మనిషి మారిన పేరు మారును. ఇంగ్లీషువానికి ఈ భేదము తెలియక అన్నిటిని ‘టర్బన్’ అనును. అతని తప్పునకు మనము నవ్వము గదా! అట్లే మన తప్పునకు మనమును క్రుంగరాదు.

‘కుళ్ళాయి’ అను మాట పారసీకమునందలి ‘కులాహ్’ నుండి వచ్చినది. విజయనగర కాలమున అది పొడవైన మొనగల రాజసభా టోపీ. తిరుమల ఆలయమునందలి కృష్ణదేవరాయల లోహవిగ్రహము తలపై దానిని చూడవచ్చును. కవిసార్వభౌముడైన శ్రీనాథుడు కర్ణాట రాజసభకు పోవుటకు కుళ్ళాయి పెట్టుకొనవలసి వచ్చినదని వాపోయినట్లు చాటుపద్యము కలదు. యూరపులో మర్యాదకై టోపీ తీయుదురు. ఆ సభలో మర్యాదకై టోపీ పెట్టవలెను. ఆ రాచటోపీయే కాలక్రమమున పసిబిడ్డల కుల్లా యైనది. ఇంగ్లండులో బానెట్ పెద్దల తలలు విడిచి శిశువుల తలలకు దిగినట్లే యిది!

టోపీ రాజకీయమగుట మనకును తెలియును. ఫ్రాన్సుకు ఎఱ్ఱ బొనే యెట్టిదో మనకు తెల్లని గాంధీటోపీ యట్టిది. 1930లో ఉప్పుసత్యాగ్రహ కాలమున గుంటూరులో అధికారులు దానిని ధరింపరాదని నిషేధించిరి. మూరెడు ఖద్దరుకు ప్రభుత్వము జంకినదన్నచో టోపీ బరువు తులములలో తూచునది కాదని తెలియుచున్నది.

మన పరిపాలనలోను ఒక ఫ్రెంచి టోపీ నేటివఱకు మిగిలినది. పుదుచ్చేరి పోలీసు కానిస్టేబులు తలపై ఎఱ్ఱగా, గుండ్రముగా, ముందు రేకుతో నుండునది ‘కేపీ’. ఈ మాటను ఫ్రెంచివారు స్విట్జర్లండునందలి జర్మను నుండి తీసికొనిరి; దాని మూలము క్యాపునకు చుట్టమే. చుట్టుప్రక్కల ఆంధ్రప్రదేశమున ఇది కనబడదు.

పూర్వము పుదుచ్చేరిలో యూరపువారికిని ఈ దేశపువారికిని పుట్టిన సంతతివారిని ‘టోపీవారు’ అను అర్థముగల ఫ్రెంచి పేరుతో పిలిచెడివారు. ‘తోపాసు’లనియు అనెడివారు. ఈ తోపాసు అను మాట ‘టోపీ’ నుండి వచ్చినదని కొందఱు, రెండు భాషలవాడను అర్థముగల ‘దుబాసి’ నుండి వచ్చినదని కొందఱు పండితులు చెప్పుదురు. తలపైనున్న దానినిబట్టి మనిషికి పేరు పెట్టిరా, తలలోనున్న దానినిబట్టి పెట్టిరా అన్నది నేటికిని వాదమే.

మాట నేర్చు విధము

విద్యార్థులారా, క్రొత్త మాట కనబడినపుడు నిఘంటువులోని మొదటి అర్థమును పట్టుకొని పరుగెత్తకుడు. ముందుగా వాక్యమంతయు చదువుడు. ఆ మాట చుట్టునున్న మాటలెవ్వి? డ్రైవరు, త్రోవ, కారు ఉన్నచోట టోపీకి పనియేమి? పిమ్మట నిఘంటువులో అర్థములన్నియు చూడుడు. రెండవది, నాలుగవది కూడ. తరువాత ఈ మాటను ఇంటిలో, వీథిలో, రేవులో, షెడ్డులో ఎప్పుడైన వింటినా అని ఆలోచింపుడు. పలుకు కొంచెము మాఱియుండవచ్చును. మీకు తెలియకుండగనే మీ నాలుకపై వందల ఇంగ్లీషు మాటలున్నవి. వానికిని పుస్తకమునకును నడుమ గోడ కట్టుకొనకుడు. ఇంకను సందేహమున్నచో ఉపాధ్యాయుని అడుగుడు. అడిగినవానిని చూచి నవ్వనని నేను మాట యిచ్చుచున్నాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన యానాము పుదుచ్చేరి నగరమునకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న తెలుగు ముక్క. పుదుచ్చేరి, కారైకాలులలో తమిళము, మాహేలో మలయాళము, ఇక్కడ తెలుగు. ‘తెలుగు చదివిన పిల్లవాడు ఎక్కడికి పోగలడు?’ అని మీలో కొందఱు దిగులు పడుట నాకు తెలియును. ఆ దిగులు న్యాయమే. ఇంగ్లీషు రావలెను, బాగుగ రావలెను. కాని ఇంగ్లీషు మాటకు అర్థము నిలుచుటకు లోపల ఒక నేల కావలెను. ఆ నేల పిల్లవానికి మీరిచ్చిన భాష. బుఱ్ఱలో పురుగు తెలిసినవానికి బానెట్టులోని తేనెటీగ ఒక్క క్షణములో తెలియును. మీ చేతి పనులను, వాని పేరులను పిల్లలకు చెప్పుడు. వల పేరులు, పడవ భాగముల పేరులు, ఇంజను భాగముల పేరులు చెప్పుడు. అది చదువు కాదని అనుకొనకుడు.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. మరునాడు తరగతిలో ఆ వాక్యమును మఱల పైకి చదివితిని. ‘దీనిలో తప్పు నాది’ అని చెప్పి, నల్లబల్ల యొద్దకు అతనిని పిలిచి, కారు బానెట్టు బొమ్మ గీయుమంటిని. అతడు గీచి, క్రింద రేడియేటరు, ఫ్యాను, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టరు అని ఒక్కొక్క భాగమును చూపి పేరులు చెప్పెను. అన్నియు ఇంగ్లీషు మాటలే. తరగతిలో సగముమంది వానిని అంతవఱకు వినలేదు. నేనును కొన్నిటిని అప్పుడే నేర్చుకొంటిని. ఆ దినము ఎవ్వరును నవ్వలేదు.